ఆగ్నేయంలో కొళాయి

ఆ కొళాయి తాగడానికి పెట్టింది కాదు. చేతులు కడుక్కోవడానికీ కాదు. అది కళ్ల కోసం. అమ్మోనియా గ్యాసు కళ్లల్లో పడ్డ మనిషిని లాక్కొచ్చి, తల అక్కడ వంచి, మీట నొక్కితే రెండు చిల్లుల్లోంచి నీళ్లు పైకి చిమ్మి కళ్లని కడుగుతాయి. ఆపకుండా పావుగంట కడగాలి. మొదటి నిమిషంలో నీళ్లు తగిలితే చూపు దక్కుతుంది. ఆలస్యమైతే ఆ తర్వాత కృష్ణంతా తెచ్చి పోసినా లాభం లేదు. ఈ ముక్క అర్థం కావడానికి పెద్ద చదువులక్కర్లేదు. అయినా మా ఓనరు బుర్రకి ఎక్కలేదు. ఎక్కించడానికి నేను పడిన పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కోపం నాకు పుట్టుకతో వచ్చింది. ప్లాంటంతా చల్లగానే ఉంటుంది, ఒక్క ఆపరేటరే వేడి అని లోడింగ్ వాళ్లు నా వెనక అనుకుంటారు. నాకు తెలుసు. నిజమే కాబట్టి ఊరుకుంటాను.

మాది గుంటూరు నుంచి ఒంగోలు పోయే హైవే పక్కన ఒక కోల్డ్ స్టోరేజి. ఐటీఐలో ఫ్రిజ్‌ల, ఏసీల కోర్సు చదివి, ఇక్కడ ఆపరేటరుగా చేరి పదిహేడేళ్లయింది. ఫిబ్రవరి వచ్చిందంటే గేటు బయట మిర్చి లారీలు బారులు తీరతాయి. మిర్చి బస్తాని మా వైపు టిక్కీ అంటారు. ఆ టిక్కీలని పైకప్పు దాకా పేర్చి, గదిని ఐదారు డిగ్రీల్లో ఉంచితే ఏడాదైనా కాయ రంగు మారదు. ఆ చల్లదనమంతా అమ్మోనియా పుణ్యం. మెషిన్ రూములో కంప్రెసర్లు, పైపులు, వాల్వులు, అన్నిట్లోనూ తిరిగేది అదే. మిర్చి ఘాటుకి తుమ్ములొస్తాయి. అమ్మోనియా ఘాటుకి కళ్లు పోతాయి, ఎక్కువైతే మనిషే పోతాడు. అందుకే మెషిన్ రూము గుమ్మం పక్కనే ఆ కొళాయి పెట్టారు.

ఐదారు డిగ్రీల్లో నీళ్లు గడ్డకట్టవు కాబట్టి చాలాకాలం మాకు నీళ్ల పైపులతో ఏ గొడవా లేదు. తర్వాత ఓనరు ఐస్‌క్రీములూ చేపలూ దాచడానికి తూర్పు వైపు ఇంకో గది కట్టించాడు. అది మైనస్ ఇరవై. బయట రోళ్లు పగిలే ఎండ కాస్తుంటే, ఆ గదిలోకి పోయిన వాళ్లు స్వెట్టరు వేసుకుని, చెవులకి మఫ్లరు చుట్టుకుని పోవాలి. అద్దంకి ఎండల్లో పుట్టిపెరిగిన వాణ్ణి నేను. నాకే ఆ గది ఓ పట్టాన అలవాటు కాలేదు.

ఆ గది మొదలైన ఏడాదే ఓనరు బాత్రూములో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తడి గచ్చు మీద అరిగిపోయిన చెప్పులతో నడిస్తే ఎవరైనా పడతారు. ఆయన మాత్రం చెప్పులు మార్చలేదు, వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. ఇంటికి కాదు, స్టోరేజికి. ఇంట్లో ఇదివరకే చూపించాడట, అక్కడ దోషమేం లేదట. అందుకని దోషం మా దగ్గర ఉండి తీరాలి.

సిద్ధాంతి దిక్సూచి అరచేతిలో పెట్టుకుని స్టోరేజి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మెషిన్ రూము ఆగ్నేయంలో ఉంది, అది అగ్ని మూల, యంత్రాలకి అదే సరైన చోటు అని మెచ్చుకున్నాడు. నేను కూడా కాస్త పొంగాను, ఏదో నేనే కట్టినట్టు. అంతలో గుమ్మం పక్కన కొళాయి కనపడింది. అగ్ని మూలలో నీళ్లేమిటని మొహం అదోలా పెట్టాడు. నిప్పు మీద రోజూ నీళ్లు పోస్తుంటే యజమాని కాలు విరక్క ఏమవుతుందన్నాడు.

అది కళ్ల కోసమని నేను చెప్పాను. ఆయన నా వైపు చూడనుకూడా లేదు, ఓనరు వైపే చూస్తూ మాట్లాడాడు. ఆ కొళాయి తీసేస్తే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఊరుకోడని ఓనరు నసిగాడు. అయితే నీళ్లు ఈశాన్యం నుంచి రప్పించండి, ఈశాన్యం నుంచి వచ్చిన నీళ్లు ఎక్కడికి పోయినా దోషం అంటదు, కాకపోతే పైపు వంకర్లు పోకూడదు అని సిద్ధాంతి తేల్చేశాడు. నిక్షేపంగా గోడ బయట ఎండలో పడి ఉన్న పాత పైపు అప్పటికప్పుడు పాపిష్టిదైపోయింది.

ఈశాన్యం నుంచి ఆగ్నేయానికి వంకర లేకుండా గీత గీస్తే అది సరిగ్గా ఆ మైనస్ ఇరవై గదిలోంచి పోతుంది. ఈ సంగతి చెప్పడానికి నేను ఓనరు గదికి మూడుసార్లు పోయాను. ఫ్రీజర్లో సోడా సీసా పెట్టి మర్చిపోతే ఏమవుతుందో గుర్తుచేశాను. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి సార్, ఇనుమైనా చీలుతుంది, అసలు చీలక ముందే దారి మూసుకుపోయి కొళాయికి చుక్క రాదు అన్నాను. దానికేముంది, పైపుకి దుప్పటి లాగా ఏదైనా మందంగా చుట్టండి అన్నాడు.

అందరూ చేసే పొరపాటే ఇది. దుప్పటి కప్పుకుంటే మనకి వెచ్చగా ఉంటుంది, ఎందుకంటే ఒంట్లో వేడి ఉంది, దుప్పటి దాన్ని బయటికి పోనివ్వదు. పైపులో నిలవ ఉన్న నీళ్లకి సొంత వేడి ఎక్కణ్ణించి వస్తుంది? ఎంత మందాన చుట్టినా గడ్డకట్టడం ఆలస్యమవుతుందే తప్ప ఆగదు. ఆగాలంటే పైపు పొడుగునా హీటింగ్ కేబుల్ చుట్టి, దాని మీద ఫోము తొడుగు వెయ్యాలి. ఆ కేబులు కరెంటుతో గోరువెచ్చగా ఉంటుంది. ఇదంతా చెబితే ఆయన అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"చల్లబెట్టడానికి కరెంటు కాల్చి, అదే గదిలో వెచ్చబెట్టడానికి మళ్లీ కాల్చమంటావా? ఎవరైనా వింటే నవ్వుతారయ్యా."

నవ్వేవాళ్ల సంగతి తర్వాత, ఏడ్చేవాళ్ల సంగతి చూడండి అని లేచి వచ్చేశాను. పైపు వేసేశారు. పైకప్పు కింద ఒక కొసనుంచి ఇంకో కొసకి, పాతిక అడుగులు. నల్ల ఫోము తొడుగు మాత్రం తొడిగారు, కేబులు సీజన్ అయ్యాక చూద్దామన్నారు. వాల్వు బయట పెట్టి, పైపుని ఖాళీగా ఉంచే పద్ధతి కూడా ఒకటుంది. దాన్ని నేనే వద్దనుకున్నాను. కళ్లు మండిపోతున్న మనిషి ముందు ఆ వాల్వు వెతుక్కుని తిప్పి, నీళ్లు వచ్చేదాకా నిలబడాలి. అది అయ్యే పని కాదు.

ఇక మిగిలిన ఉపాయం ఒక్కటే. నిలవ నీళ్లు గడ్డకట్టినంత తొందరగా పారే నీళ్లు కట్టవు. మా బోరు నీళ్లు చలికాలంలో కూడా వెచ్చగానే ఉంటాయి. కళ్ల కొళాయి కిందే పైపు చివర ఇంకో చిన్న కొళాయి బిగించి, దాన్ని పెన్సిలు ములుకంత ధారతో వదిలేశాను. చలి పైపులోకి దిగేలోపు వెనకనుంచి కొత్త నీళ్లు వస్తుంటాయి. ఆ సన్నటి ధార పారినంతకాలం కళ్లకి నీళ్లు ఉన్నట్టు. ధార ఆగితే నాలుగైదు గంటల్లో పైపు రాయి.

ఆ ధార మీద నాకూ ఓనరుకీ యుద్ధం మొదలైంది. కారే కొళాయి ఉన్న చోట లక్ష్మి నిలవదని సిద్ధాంతి ఆయన చెవిలో వేశాడు. ఓనరు కారు దిగగానే ఆఫీసుకి పోడు, కుంటుకుంటూ తిన్నగా కొళాయి దగ్గరికి వచ్చి, దాన్ని బిగించి, జేబురుమాలుతో చెయ్యి తుడుచుకుని మరీ పోతాడు. ఆయన అటు పోగానే నేను ఇటు వదులుతాను. కట్టడానికి వీల్లేకుండా తీగ చుట్టాను. ఆయన కటింగ్ ప్లేయరు తెప్పించి తీగ కోయించాడు. ఈ కొళాయి ముట్టుకోవద్దు అని గోడ మీద ఎర్రరంగుతో బారెడు అక్షరాలు రాశాను. ఆయన అక్షరాల కిందే నిలబడి బిగించాడు. ఇద్దరం ఒకరితో ఒకరం ఈ విషయం మాట్లాడుకోవడం మానేశాం. ఆయన కారు హారను వినపడితే చాలు, నేను చేస్తున్న పని వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేవాణ్ణి. నిజం చెప్పాలంటే అందులో నాకు కసితో కూడిన సరదా ఉండేది. ఆయన మీద గెలుస్తున్నానని.

మెషిన్ రూము ఊడ్చడానికి ఒకామె వచ్చేది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. కనిగిరి వైపు మెట్ట ఊళ్లోంచి పనికోసం ఇటు వచ్చి, స్టోరేజి వెనక పేటలో ఉంటోంది. ఆదివారం చర్చికి పోయివచ్చాక డ్యూటీకి వచ్చేది, అదొక్కటే ఆమె కోరుకున్న వెసులుబాటు. నన్ను తమ్ముడా అని పిలిచేది. నీళ్ల విషయంలో ఆమెకి ఉన్న పొదుపు నేనెక్కడా చూడలేదు. లోడింగ్ వాళ్లు తాగి పారేసిన సీసాల్లో అడుగున మిగిలిన నీళ్లన్నీ ఒక డబ్బాలోకి వంచి, గేటు దగ్గర నిమ్మమొక్కకి పోసేది. వాళ్ల ఊళ్లో ట్యాంకరు రాకపోతే బిందెలు వరసలో పెట్టి రోజంతా కూర్చునేవాళ్లమని చెప్పేది. నేను వింటూ ఊకొట్టేవాణ్ణి, బుర్రలోకి తీసుకున్నది లేదు.

ఆమె ఒకసారి ఆ చిన్న కొళాయిని కట్టబోతుంటే కంప్రెసర్ దగ్గర్నుంచి చూశాను. ఏమ్మోయ్, దాని మీద చెయ్యి వేశావంటే మర్యాద దక్కదని అక్కణ్ణించే అరిచాను. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు. గోడ మీద రాసి పెట్టానుగా అనుకున్నాను. ఆమెకి చదువు రాదన్న సంగతి నాకు తెలియనిది కాదు.

ఏప్రిల్లో ఒకరోజు ఓనరు అభిషేకం చేయించుకోవడానికి కుటుంబంతో అమరావతి పోయాడు. పొద్దున డ్యూటీకి వస్తూనే ఆ మాట విని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆయన వచ్చిన రోజు గంటకోసారి కొళాయి చూసుకునేవాణ్ణి. ఆ రోజు ఒక్కసారి కూడా చూడలేదు. శత్రువు ఊళ్లో లేడు గదా, ఇక కాపలా ఎందుకు?

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు నూనె తీస్తున్నాను. కంప్రెసర్లలోని నూనె కొంత అమ్మోనియాతో పోయి కింద ఒక ఇనప కుండలో చేరుతుంది, దాన్ని వారానికోసారి వదిలించాలి. నాకు అద్దాలూ మాస్కూ ఉన్నాయి. వాల్వు సగం తిప్పానో లేదో, దాని మెడ దగ్గర గ్యాసు బయటికి రాకుండా బిగించిన ప్యాకింగ్ ఊడిపోయి తెల్లటి పొగ బుస్సుమంది. అప్పటికే ఆమె చాటలో రంపపు పొట్టు పట్టుకుని నా పక్కకి వచ్చి ఉంది, కింద పడ్డ నూనె మీద చల్లడానికి. నేను రమ్మనలేదు. వాల్వు తెరిచేటప్పుడు బయటికి పొమ్మనే బాధ్యత నాది, పొమ్మననూ లేదు.

వాల్వు కట్టేసి చూసేసరికి ఆమె మోకాళ్ల మీద ఉంది. రెండు అరచేతులూ కళ్లకి అదుముకుంది. అరవలేదు, ఊపిరి అందక మూలిగింది. రెక్క పట్టుకుని లేపి, పది అడుగులు ఈడ్చుకొచ్చి, కొళాయి మీద తల వంచాను. చేతులు తీసెయ్, కళ్లు తెరువు, నీళ్లు వస్తున్నాయి అన్నాను. ఆ మంటలో కళ్లు తెరవడం మాటలు కాదు. నేను చెప్పానని తెరిచింది. మీట నొక్కాను.

ఉమ్మినట్టు కాసిని నీళ్లు చింది ఆగిపోయాయి. మళ్లీ నొక్కాను. కాలితో తన్నాను. చిన్న కొళాయి వైపు చూస్తే దాని మూతి పొడిగా ఉంది, గట్టిగా బిగించి ఉంది. ఆమె మాత్రం ఆ చిల్లుల మీద మొహం పెట్టి, కళ్లు తెరుచుకుని, నీళ్ల కోసం చూస్తూనే ఉంది. వెనక కూలింగ్ టవర్ తొట్టి దాకా యాభై అడుగులు పరిగెత్తి, పాచి పట్టిన నీళ్లు బకెట్టుతో తెచ్చి పోశాను. ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. పొయ్యాల్సిన మొదటి నీళ్లు మాత్రం పొయ్యలేకపోయాను.

గుంటూరు పెద్దాసుపత్రిలో ఎడమ కన్ను నిలబెట్టారు, అదీ మసకగా. కుడి కన్ను ఉడికించిన గుడ్డులా తెల్లబడిపోయింది. ఆ సాయంత్రం ఓనరు నుదుటి మీద విభూతి ఆరకుండానే ఆసుపత్రికి వచ్చాడు. వరండాలో అందరి ముందూ ఆయన్ని నిలదీశాను. మీరే కట్టేశారు, ఆ కన్ను మీరే తీశారు అన్నాను. నిన్నటి నుంచి అటువైపే రాలేదని ఆయన ఒట్టేశాడు. నేను నమ్మలేదు. పైపు కోయించి, నిలువునా చీలిన రెండడుగుల ముక్కని పట్టుకెళ్లి ఆయన బల్ల మీద పడేశాను. తర్వాత మళ్లీ సిద్ధాంతి వచ్చాడు. అసలు ఆ మూల కొళాయే లేకపోతే ఇదంతా జరిగేది కాదని సెలవిచ్చాడు. ఆ మనిషి దిక్సూచి లాక్కుని నేలకేసి కొట్టాను. ఈ రాసేదాంట్లో నేను సిగ్గుపడేవి చాలా ఉన్నాయి గానీ అది వాటిలో లేదు.

నాలుగో రోజు ఆమె మాట్లాడే స్థితికి వచ్చింది. రెండు కళ్లకీ కట్లు. నా గొంతు వినగానే ఆమే మొదలుపెట్టింది.

"తమ్ముడా, నువ్వు వద్దన్నావు గానీ, ఆ పొద్దున కొళాయి నేనే కట్టేశా. మా పేటకి నాలుగు రోజుల బట్టి నీళ్లు లేవు, ఇక్కడ చూస్తే ఊరికే పోతన్నయ్. పానం ఒప్పలా. మరీ గట్టిగా తిప్పినట్టున్నా, అందుకేనా రాలేదు?"

అదేం కాదులే అక్కా అని మాత్రం అన్నాను. అంతకుముందు ఆమెని అక్కా అని పిలిచిన గుర్తు నాకు లేదు.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద రాసి సంతకం పెట్టాక హీటింగ్ కేబులు వచ్చింది. నవ్వినవాళ్లు ఎవరూ లేరు. పైపు మాత్రం ఇప్పటికీ ఈశాన్యం నుంచే వస్తోంది, ఓనరుతో నాకు ఇప్పటికీ పడదు, పడాలని కూడా లేదు. కరెంటు పోయినప్పటి కోసం ఆ సన్నటి ధార కూడా అలాగే ఉంచాను.

రెండు నెలల తర్వాత ఆమె పనిలోకి వచ్చింది. ఆ రోజు నేను ఆమెని కొళాయి దగ్గరికి తీసుకెళ్లి, చీలిన పైపు ముక్క చేతికిచ్చి తడిమి చూడమన్నాను. పైపు ఏ గదిలోంచి వస్తుందో, నీళ్లు ఆగితే లోపల ఎలా రాయి అవుతాయో, ఈ ధార ఎందుకు పారాలో, ఓనరుకి మూడుసార్లు చెప్పిందంతా ఆమెకి మొదటిసారి చెప్పాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె మధ్యలో ఏమీ అడక్కుండా విని, పైపు ముక్క కింద పెట్టి, లోపలికి పోయి తను తుడిచే బకెట్టు తెచ్చింది. దాన్ని ధార కింద సరిగ్గా జరిపి, ఒక్క కంటితో నా వైపు చూసింది.

"ఇంతేనా తమ్ముడా? ఆ రోజే చెప్పుంటే ఇట్టా బకెట్టు పెట్టుకునేదాన్నిగా."